ఎలాగైనా పైకొచ్చే పిల్లలు

తెలివైన పిల్లలు ఎలాగైనా పైకొస్తారు అనే మాట నాకు చెప్పినవాళ్ళలో చాలామంది కడుపునిండా భోంచేసి, ఫ్యాను కింద కూర్చుని చెప్పారు. మా ఊరి ప్రెసిడెంటు గారు చెప్పారు, మండలాఫీసులో గుమస్తా చెప్పాడు, ఏలూరులో ఆఫీసరు చెప్పాడు. చివరికి మా ఆయన కూడా ఒకరోజు అన్నం కలుపుకుంటూ అదే మాట అన్నారు. ఆ పూట ఆయనకి పెరుగు వేయలేదు.

మాది నరసాపురం పక్కన ఒక ఊరు. నేను చెప్పేది తొంభైల చివరి సంగతి. మా ఆయన రేవులో పంటు మీద టిక్కెట్లు కోసేవారు. గోదారి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, రోజంతా అదే పని. నేను లేసు అల్లేదాన్ని. మా వైపు ఆడవాళ్ళం పొద్దున్న వంట ముగించుకుని అరుగు మీద కూర్చున్నామంటే దీపాలు పెట్టేదాకా చేతిలో సూది, దారం ఆగవు. మా అమ్మాయి నా పక్కనే కూర్చుని బడి పుస్తకాలు చదువుకునేది.

గుండ్రటి బల్లగుడ్డ అల్లేటప్పుడు ఒక్కో వరసకీ ఎన్ని గళ్ళు పెంచాలో లెక్క తప్పకూడదు. తక్కువ పెంచితే గుడ్డ గిన్నెలా ముడుచుకుపోతుంది, ఎక్కువ పెంచితే అంచు అలలు తేలుతుంది. పిల్లకి ఏడేళ్ళుంటాయి. నేను నాలుగో వరసలో ఉండగా, "అమ్మా, ఇరవయ్యో వరసకి ఎన్ని గళ్ళొస్తాయో చెప్పనా?" అంది. చెప్పింది. నేను నవ్వి ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత ఇరవయ్యో వరస పూర్తయ్యాక లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా అన్నే ఉన్నాయి.

నాకు గర్వంగా అనిపించింది, దాని వెనకాలే భయమూ వేసింది. ఆ సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టుకుని పిల్లకి దిష్టి తీసి పొయ్యిలో పడేశాను. పక్కింటావిడ వచ్చి ఏంటి సంగతని అడిగితే, జ్వరం తగిలినట్టుందని చెప్పాను. మా దగ్గర కన్నతల్లి బిడ్డని నలుగురిలో మెచ్చుకోదు. ఎవరైనా మెచ్చుకుంటే, "ఆఁ, ఏముందండీ, ఒట్టి మొద్దు మొహం" అని తీసిపారేయాలి. అలా అనకపోతే తల్లికి తిక్క అనుకుంటారు.

ఆరో తరగతికి పిల్లని హైస్కూల్లో వేశాం. జిల్లా పరిషత్తు బడి, ఇంటికి మైలు దూరం. మాస్టారు బోర్డు మీద అయిదు లెక్కలిస్తే, మిగతావాళ్ళు మొదటిది ఎక్కించుకునేలోపు మా పిల్ల అయిదూ చేసేసేది. క్లాసు టీచరుగారికి ఇది బాగా కలిసొచ్చింది. "నీకు పనైపోయింది కదా, ఈ హాజరు పట్టీలు రాసిపెట్టు" అనేవారు. హాజరు పట్టీలయ్యాక మార్కుల రిజిస్టర్లు, అవయ్యాక ఫీజుల పుస్తకం. తెలివికి మా బడిలో దొరికిన బహుమతి వెట్టిచాకిరీ.

అరపరీక్షల్లో లెక్కల్లో అత్తెసరు మార్కులొచ్చాయి. నాకు నమ్మబుద్ధి కాలేదు. సంతకానికని ఇచ్చిన జవాబు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు చోట్ల లెక్క సరిగ్గా చేసి, కొట్టేసి, కింద తప్పు జవాబు రాసి ఉంది. పిలిచి అడిగాను.

"సరిగ్గా చేస్తే రిజిస్టర్లు రాయమంటారమ్మా. తప్పు చేస్తే అందరితోపాటు కూర్చోవచ్చు," అంది.

ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. పదకొండేళ్ళ పిల్ల తన బుర్రని తనే దాచిపెట్టుకోవడం నేర్చుకుంది. అలా ఇంకో రెండేళ్ళు దాస్తే ఎక్కడ పెట్టిందో దానికే గుర్తుండదని నాకు తెలుసు. ఎలా తెలుసో తర్వాత చెప్తాను.

మరుసటి ఏడాది ప్రభుత్వం వాళ్ళు కొన్ని మండలాల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. చుట్టుపక్కల బడుల్లో పరీక్ష పెట్టి, చురుకైన పిల్లల్ని ఏరి, బడి వదిలాక వారానికి మూడు రోజులు, శనివారం మధ్యాహ్నం ప్రత్యేకంగా చదువు చెప్పించాలని. పిల్లలు దాన్ని స్పెషల్ క్లాసు అనేవారు. మా బడికి ఒక పెట్టెడు పుస్తకాలు, ఒక మైక్రోస్కోపు, పక్క ఊళ్ళ పిల్లలకి బస్సు పాసులు వచ్చాయి. లెక్కల మాస్టారికి, సైన్సు టీచరుగారికి కొంచెం గౌరవ వేతనం. పద్దెనిమిది మంది పిల్లల్ని తీసుకున్నారు, అందులో మా అమ్మాయి ఉంది.

మొదటి రోజు క్లాసు నుంచి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక లెక్క వేసి, "ఇది నాక్కూడా పూర్తిగా తేలలేదర్రా, కలిసి చూద్దాం" అన్నారట. మాస్టారికి రాని లెక్క కూడా ఉంటుందన్న సంగతి దానికి పండగలా అనిపించింది. అన్నం తింటూ చెప్పింది, చెయ్యి ఎండిపోయినా చెప్పింది, కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఆ గొంతు ఆగలేదు. పరీక్షల్లో కొట్టివేతలు ఆగిపోయాయి.

వేసవి సెలవులు పోయి బడి తెరిచారు. స్పెషల్ క్లాసు మాత్రం తెరవలేదు. లెక్కల మాస్టారు చెప్పారు, ఈ ఏడాది నిధులు ఇవ్వలేదని. తెలివైన పిల్లల మీద విడిగా ఖర్చు పెట్టడం అవసరమా అన్నది ముందు తేలాలట, అందుకు ఒక ఆఫీసరు వచ్చి విచారిస్తారట. పుస్తకాల పెట్టె, మైక్రోస్కోపు హెడ్మాస్టారి గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. సర్కారు సొత్తు కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదట. పిల్లలు కిటికీలోంచి ఆ బీరువాని చూసి పోయేవారు.

నేను పద్దెనిమిది ఇళ్ళకీ తిరిగాను. నాతోపాటు ఇంకో తల్లి వచ్చింది, చర్చి వెనక వీధిలో ఉండేది. ఆవిడా లేసు అల్లేదే. వాళ్ళబ్బాయీ ఆ క్లాసులోనే ఉండేవాడు. వాళ్ళు లూథరన్లు, మేం హిందువులం. అయినా ఎప్పట్నుంచో ఒకరినొకరం వదినా అనుకునేవాళ్ళం. ఇద్దరం కలిసి ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కాఫీ ఇప్పించి, "ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా ఎందుకు తిరుగుతారమ్మా? తలా కొంచెం చందా వేసుకుని నడుపుకోండి. నేనూ ఏదో నా వంతు ఇస్తాను" అన్నారు.

మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"చందా వేసుకుంటే కట్టగలిగిన ఇంటి పిల్లలే కూర్చుంటారండి. కట్టలేనోళ్ళ పిల్లలు బయట నిలబడతారు. అప్పుడది ట్యూషను అవుద్ది గానీ బడవదు. బడి సర్కారుది, పిల్లలు సర్కారు బడి పిల్లలు. సర్కారే ఇవ్వాలండి," అన్నాను.

"మరీ అంత పట్టుదలైతే కష్టమమ్మా. తెలివైనోళ్ళు ఎలాగైనా పైకొస్తారులే," అన్నారాయన. కాఫీ గ్లాసు కింద పెట్టేసి లేచాను. సగం కాఫీ వదిలేసినందుకు మా వదిన దారంతా నన్ను సాధించింది.

లెక్కల మాస్టారు అర్జీ రాసిపెట్టారు. అందరం సంతకాలు పెట్టాం, సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. దాన్ని మండలాఫీసులో ఇచ్చేటప్పుడు గుమస్తా కూడా ఎలాగైనా పైకొస్తారన్న మాటే అన్నాడు. నెల తిరక్కుండా ఆఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. తల్లిదండ్రులందర్నీ ఒక మంగళవారం బడికి రమ్మన్నారు.

ఆ రోజు మేం చేసిన ఘనకార్యం తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్ళాం. ఆఫీసరు ఈ ప్రాంతం మనిషి కాదు, కానీ మర్యాదగానే మాట్లాడాడు. బల్ల మీద కాగితం పెట్టుకుని ఒక్కొక్కర్నీ పిలిచి, "మీ పిల్లలు మిగతావాళ్ళ కన్నా బాగా తెలివైనవాళ్ళని మీరు అనుకుంటున్నారా?" అని అడిగాడు.

ముందు పక్కూరి రైతు ఒకాయన లేచారు. వాళ్ళబ్బాయి ఇంట్లో రేడియో విప్పి మళ్ళీ బిగించిన ఘటికుడు. ఆయన మెడ గోక్కుంటూ, "అబ్బే, తెలివేంటండీ, వెధవకి ఆటలెక్కువండి" అన్నారు. తర్వాత ఒకావిడ, "ఏదో మీలాంటి పెద్దల దయవల్ల నాలుగక్షరం ముక్కలు వస్తున్నాయండి" అంది. మా వదిన నిలబడి రెండు చేతులూ జోడించి, "మావాడిదేముందండి, అంతా ప్రభువు కృప" అంది. ఇంకొకావిడ అయితే కొడుకు మొద్దు మొహమని నవ్వుతూ చెప్పింది. ఆఫీసరు రాసుకుంటూ పోయాడు.

నా వంతు వచ్చింది. అర్జీ పట్టుకుని పద్దెనిమిది ఇళ్ళు తిరిగినదాన్ని, ప్రెసిడెంటు గారితో వాదించినదాన్ని. నోరు తెరిచాను. గదిలో ముప్పై నలభై మంది ఉన్నారు, ముప్పై నలభై జతల కళ్ళు. నా నాలుక తనంతట తనే తిరిగింది.

"మా పిల్లా అందరిలాంటి మామూలు పిల్లేనండి," అన్నాను.

అనేసి తలతిప్పితే వరండాలో, గుమ్మం పక్కన మా అమ్మాయి నిలబడి ఉంది. నా మొహం కేసి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. పుస్తకం తెరవలేదు.

"నేను మామూలేనా అమ్మా?" అంది.

"కాదే తల్లీ. నలుగురిలో అలాగే అనాలి. దిష్టి తగుల్తుంది కదా."

ఒళ్ళోని పుస్తకం తీసి పక్కన పెట్టింది.

"అంటే ఉన్న తెలివి లేదని చెప్పావు. పరీక్షలో నేను చేసిందీ అదే కదా. దానికి నువ్వు ఏడ్చావు కదమ్మా," అంది.

వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడుగుతూ కూర్చున్నాను.

కొన్నాళ్ళకి నివేదిక నకలు బడికి వచ్చింది. లెక్కల మాస్టారు మమ్మల్ని పిలిచి చదివి వినిపించారు. తమ పిల్లలు సాధారణ విద్యార్థులేనని తల్లిదండ్రులే స్వయంగా తెలియజేసినందున ప్రత్యేక తరగతి కొనసాగించవలసిన అవసరం కనబడలేదు అని ఉంది. కింద మా అందరి మాటలూ వరసగా ఉన్నాయి. ఆటలు ఎక్కువ అని ఉంది, మొద్దు అని ఉంది, మామూలు పిల్ల అని ఉంది. మా మాటల్లోని మర్యాద ఆ ఆఫీసరుకి అర్థం కాలేదో, అర్థం చేసుకోవడం ఆయనకి అవసరం లేకపోయిందో నాకు తెలీదు. మాస్టారు కళ్ళజోడు తీసి, "ఆయన కల్పించిందేమీ లేదమ్మా. మీరు చెప్పిందే రాశారు" అన్నారు.

ఎవర్ని తిట్టాలో తెలీక నన్ను నేనే తిట్టుకున్నాను. మా మెడకి మేమే ఉరి తగిలించుకున్నాం, అదీ సాక్షుల ఎదురుగా. అప్పట్లో ఏలూరు కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం అర్జీలు వినేవారు, గ్రీవెన్స్ డే అనేవారు. వచ్చే సోమవారం ఏలూరు వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. పెరుగు వేయని పూట అదే.

"నివేదిక పైకి వెళ్ళిపోయాక నువ్వెళ్ళి ఏం చేస్తావు? ఆఫీసర్లతో మనకెందుకు? తెలివున్న పిల్ల, ఎలాగైనా పైకొస్తుందిలే," అన్నారు మా ఆయన.

"ఎలాగైనా అంటే ఎలాగండి? ఆ ఎలాగేదో నాకు చెప్పండి, అలాగే చేద్దాం," అన్నాను. సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి సైకిలు మీద నన్నూ పిల్లనీ ఆయనే దింపారు. పిల్లకి బడి ఎగ్గొట్టించాను. నేను ఏం చెప్పినా అది వినాలి, ఈసారి వరండాలో నిలబడి కాదు, నా పక్కన నిలబడి.

మాస్టారు సర్కారు ఉద్యోగి కాబట్టి రాకూడదు. పద్దెనిమిది ఇళ్ళల్లోంచి ఆరుగురం తేలాం. మా వదిన, ఆ రేడియో అబ్బాయి నాన్నగారు, ఇంకో ముగ్గురు, నేను. భీమవరంలో బస్సు మారాం. బస్సులో అందరికీ ఒకటే చెప్పాను. ఈవేళ దిష్టి, దయ, కృప, మొద్దు అన్న మాటలు ఎవరి నోటా రాకూడదని. "ప్రభువు కృప అనకపోతే ఎలా వదినా, పాపం కదా?" అంది మా వదిన. "ప్రభువు ఇచ్చినదాన్ని లేదని చెప్పడం పుణ్యమా?" అన్నాను.

ఏలూరులో మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టారు. పింఛన్ల వాళ్ళు, పొలం గట్ల తగాదాల వాళ్ళు, రేషను కార్డుల వాళ్ళు, అందరిదీ అవసరమే. మా వంతు వచ్చింది. బల్ల వెనక కూర్చున్నది పెద్ద ఆఫీసరు. మా ఊరొచ్చినాయన కాదు, కానీ ఆయన రాసిన నివేదిక ముందే ఉంది. చదువుతూ చిన్నగా నవ్వాడు.

"ఇందులో మీరే చెప్పారు కదమ్మా, మీ పిల్లలు మామూలు వాళ్ళేనని. మరి ఇప్పుడు ప్రత్యేక తరగతి కావాలంటారేంటి?"

పిల్ల భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

"అబద్ధం చెప్పామండి," అన్నాను.

ఆఫీసరు నివేదిక మీంచి తలెత్తాడు.

"ఆ కాగితంలో మామూలు పిల్ల అని ఉన్నది ఈ పిల్ల గురించేనండి. ఇది మామూలు పిల్ల కాదు. చాలా తెలివైన పిల్ల. మా ఊళ్ళో దీనంత తెలివైన పిల్లని నేను చూడలేదు. మా దగ్గర బిడ్డ గొప్ప తల్లి చెప్పుకోకూడదండి, అందుకని ఆ రోజు నోరు కట్టేసుకున్నాం. మా మర్యాదని మీరు సాక్ష్యం కింద రాసుకున్నారు. ఇవాళ చెప్తున్నాను, ఇది కూడా రాసుకోండి."

పన్నెండేళ్ళుగా మింగుకున్న మాట అది. బయటికి వచ్చాక నెత్తి మీద పిడుగేమీ పడలేదు. పిల్ల భుజం నా చేతి కింద నిటారుగా లేచింది, అది మాత్రం స్పష్టంగా తెలిసింది. మా వదిన ముందుకొచ్చి, "మావాడూ తెలివైనోడేనండి. చాలా. దేవుడిచ్చాడు, లేదని చెప్పి తప్పు చేశాను" అంది. రేడియో అబ్బాయి నాన్నగారు గొంతు సవరించుకుని, "మావాడికి ఆటలెక్కువన్న మాట నిజమేనండి. కానీ తెలివి కూడా ఎక్కువేనండి" అన్నారు. వరసలో మా వెనక నిలబడ్డ పింఛను ముసలాయన కూడా నవ్వేశాడు.

ఆఫీసరు నవ్వలేదు. "అది సరేనమ్మా. కానీ వెనకబడ్డ పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. ముందు వాళ్ళని చూడాలా, వద్దా?"

"చూడాలండి. వద్దన్నదెవరు? ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే, ఒకడు నీరసంగా ఉన్నాడని వాడికి పెట్టి, రెండోవాడితో నువ్వు గట్టిగానే ఉన్నావు కదా, ఊరుకో అంటామా? ఇద్దరికీ వండుతాం. మీరూ ఇద్దరికీ వండండి."

"అలా కాదమ్మా. తెలివైన పిల్లలు మనం చూసినా చూడకపోయినా..." అని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. వచ్చింది. "ఎలాగైనా పైకొస్తారు," అన్నాడు.

నేను ఏలూరు వెళ్ళింది నా గురించి చెప్పుకోవడానికి కాదు. ఇంట్లో మా ఆయనకి కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. కానీ ఆ మాట నాలుగోసారి వినేసరికి ఇక ఆగలేకపోయాను.

"ఒక్కదాన్ని చూపిస్తానండి. మా ఊరి బడిలో ఏడు దాకా ఉండేది. ఏడో తరగతి పరీక్షలో ఆ పిల్ల బడికి మొదటిది. ఎనిమిదికి నరసాపురం వెళ్ళాలి. వాళ్ళ నాన్న వద్దన్నాడు. హెడ్మాస్టారు గారు ఇంటికొచ్చారు. ఆ పిల్ల తలుపు వెనక నిలబడి, ఈయన నాన్నకి చెప్తారు, రేపట్నించి నేను బడికెళ్తాను అనుకుంది. ఆయన మజ్జిగ తాగారు. తెలివైన పిల్లండీ, ఎలాగైనా పైకొస్తుంది అన్నారు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు ఆ పిల్ల చేతిలో లేసు సూది పెట్టారు. ఆ పిల్లని నేనేనండి. మీ ఎదురుగా ఉన్నాను. పైకొచ్చానో లేదో మీరే చూసి చెప్పండి."

ఆయన నన్ను చూశాడు. నా చీర చూశాడు, ఏళ్ళ తరబడి సూది పొడిచి గట్టిపడిపోయిన నా చూపుడు వేలు చూశాడు. చూసి తల దించుకున్నాడు. కరిగిపోయాడని అనుకోవద్దు, అలాంటివేమీ జరగలేదు. అర్జీ మీద ఎర్ర సిరాతో మళ్ళీ పరిశీలించండి అని రాసి, సంతకం గిలికి, తర్వాతివాళ్ళని పిలిచాడు. మేం బయటికొచ్చి ఇడ్లీలు తిన్నాం.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. భీమవరం దగ్గరపడ్డాక నా వైపు తిరిగింది. లెక్కల గురించి మాట్లాడుతుందనుకున్నాను.

"నువ్వు ఎనిమిదికి వెళ్ళాలని నీకోసం ఎవరూ ఆఫీసుకి వెళ్ళలేదా అమ్మా?" అంది.

"లేదమ్మా."

"ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా వెళ్ళలేదు."

నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బస్సు ఎక్కింది మొదలు ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. మా వదిన చూసి, చూడనట్టు కళ్ళు మూసుకుంది.

దసరా సెలవుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఆ ఒక్క ఏడాదికే. బీరువా తాళం తీశారు, పిల్లలు పుస్తకాల మీద పడ్డారు, లెక్కల మాస్టారు మళ్ళీ తనకి తేలని లెక్కలు తెచ్చారు. మరుసటి ఏడాది మళ్ళీ ఆగింది. మళ్ళీ ఏలూరు వెళ్ళాం. ప్రతి ఏడూ అదే తంతు. బడి తెరవగానే మిగతా తల్లులు నోటు పుస్తకాలు కొనేవారు, నేను భీమవరం బస్సు ఎక్కేదాన్ని. ఒక ఏడు ఆరుగురం, ఒక ఏడు పదిమందిమి, ఒక ఏడు వదినా నేనూ ఇద్దరమే. కొత్తగా వచ్చిన తల్లులకి బస్సులోనే పాఠం చెప్పేదాన్ని, బిడ్డ గురించి ఎలా మాట్లాడాలో. మొదట్లో వాళ్ళకి నోరు తిరిగేది కాదు. "మా అమ్మాయి తెలివైనదండి" అనడానికి తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపురం చేస్తున్న ఒకావిడకి రెండేళ్ళు పట్టింది.

మా అమ్మాయి పదో తరగతి పాసై బడి దాటింది. తర్వాత ఏం చదివింది, ఇప్పుడేం చేస్తోంది అని ఇది చదివేవాళ్ళకి అనిపించవచ్చు. నేను రాయను. పెద్ద ఉద్యోగం అని రాస్తే, చూశారా, ఎలాగైనా పైకొచ్చింది అంటారు. చిన్న ఉద్యోగం అని రాస్తే, దీనికా సర్కారు సొమ్ము అంటారు. ఆ రెండు మాటలూ అనే అవకాశం నేను ఎవరికీ ఇవ్వను. అది తప్పు జవాబులు రాయడం మానేసింది. నేను అడిగింది అంతే.

అది బడి దాటిన ఏడాది కూడా జూన్‌లో నేను ఏలూరు వెళ్ళాను. వరండాలో అర్జీలు రాసుకునే గుమస్తా అన్నేళ్ళ నుంచీ నన్ను ఎరుగును. చూడగానే పెన్ను కింద పెట్టేశాడు.

"మీ అమ్మాయి పది అయిపోయింది కదమ్మా. ఇంకా ఎందుకొచ్చారు?"

"క్లాసు అయిపోలేదు కదండీ," అన్నాను.

"అలా కుదరదమ్మా. ఈ ఏడు ఫారం మారింది. విద్యార్థి పేరు రాయాలి, లేకపోతే తీసుకోరు. మీకు బడిలో పిల్లలెవరూ లేరుగా?"

ఆ క్లాసుకి బడిలో పద్దెనిమిది మంది ఉన్నారు. ఎవరి పేరైనా రాయవచ్చు. ఫారం తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను. విద్యార్థి పేరు అని ఉన్నచోట నా పేరు రాశాను. తరగతి అని ఉన్నచోట ఎనిమిది అని రాశాను. గుమస్తా దాన్ని రెండుసార్లు చదివి, నా మొహం కేసి చూసి, ముద్ర వేశాడు.